అంబులెన్సు అనగా ఒట్టి బండియా?

మన సంఘము గత సమావేశమున ఒక మిత్రులు “అంబులెన్సు అను పరభాషా పదము మనకేల? రోగివాహనము అనరాదా?” అని ఆవేశముతో ప్రసంగించిరి. సభవారు చప్పట్లు కొట్టిరి. నేను కొట్టలేదు. నలువది యేండ్లు గుమాస్తా పని చేసి, పేరొకటి సరుకొకటిగా నుండు పద్దులను చాల చూచినవాడను గనుక అడ్డు చెప్పక తప్పదు.

లాటినున ‘ఆంబులారే’ అనగా నడచుట. సేన వెంట కదలు వైద్యశాలను ఫ్రెంచివారు నడచెడి ఆసుపత్రి యనిరి. అందుండి ‘ఆంబులాన్స్’ పుట్టినది. అయితే ఆ ఆసుపత్రి రణభూమికి దూరముగా నిలిచి, పోరు ముగిసినగాని క్షతగాత్రుల కడకు వచ్చెడిది కాదు. 1792లో రైను సేనలో శస్త్రవైద్యుడుగా నున్న డొమినిక్ జాన్ లారే దీనిని సహింపలేక, గుఱ్ఱపు ఫిరంగిదళము వలె పరుగెత్తగల తేలిక బండ్లను, వానితో వైద్యులను, కట్లు కట్టువారిని ఏర్పరుప బూనెను. దానికి ‘ఎగిరెడి ఆంబులాన్స్’ అని పేరు. వైద్యమే గాయపడినవాని కడకు పోవలెనని ఆయన పట్టు. 1853–56 నాటి క్రిమియా యుద్ధకాలమున ఆంగ్లమందు ఆ పేరు క్షతగాత్రులను మోయు బండికి అంటుకొనెను. వైద్యుడు జారిపోయెను, బండి మిగిలెను.

ఇరుగుపొరుగు భాషలును బండి దగ్గరనే ఆగినవి. మరాఠీవారిది రుగ్ణవాహిక. ఇచట తమిళనాట ‘అవసర ఊర్తి’ యని వ్రాయుదురు. ఊర్తి యనగా వాహనమే. మనకు అవసరమనగా అక్కర, వారికి తొందర. మా యింటి పిల్లలు రెండర్థములను కలిపివేయుచుందురు, అది వేరు సంగతి.

నా కోపము నిఘంటువు మీద కాదు. కొన్నేండ్ల క్రిందట మా అన్నగారికి గుండెనొప్పి రాగా ఒక ప్రైవేటు ఆసుపత్రి బండి వచ్చెను. ప్రక్కల ఎఱ్ఱని అక్షరములు, పైన దీపము, చెవులు పగులునట్లు సైరను. లోపల ఒక బల్ల. ప్రాణవాయువు సిలిండరు ఖాళీ. “నేను తోలేవాడినే అయ్యా” అనెను డ్రైవరు. వాని తప్పేమి? అన్నగారి చేయి పట్టుకొని కూర్చుంటిని. వాకిట దింపునప్పటికి ఆ చేయి చల్లబడెను. బిల్లులో ‘అంబులెన్సు’ అనియే వ్రాసిరి.

2005 ఆగస్టు 15న హైదరాబాదున మొదలై, 2008లో తమిళనాటికిని వచ్చిన 108 సేవలో శిక్షణ పొందిన మనిషి బండితో వచ్చును. రోగిని చేరగానే పని మొదలిడును. జనులు ‘నూట ఎనిమిది వచ్చింది’ అందురు. అష్టోత్తరము గనుక మన ముసలమ్మల నోట సులువుగా నిలిచెను గాబోలు! సభలో కల్పించిన సమాసముకన్న నాకా అంకెయే మేలు.

సంఘము చందాలతో ఒక వాహనము కొనబోవుచున్నదట. దానిపై ఏ పేరు వ్రాయవలెనని వాదము. లోపల కూర్చుండు శిక్షితునికి నెలజీతము ఎవరిత్తురో ముందు తేల్చుడు. తేలువరకు దానిపై ‘బండి’ అని వ్రాయుడు. చందా పుస్తకము నా యింటికి వచ్చిననాడు నేనడుగబోవునది యిదియే.