చన్నీళ్ళు తోడేదెవరు?

ఉద్యోగం చేసుకునే ఆడది కనిపిస్తే చాలు, ఈమధ్య ప్రతివాళ్ళూ ఒకటే సలహా చెబుతున్నారు. "ఎంతకాలం ఆ జీతం రాళ్ళే నమ్ముకుంటావు? పక్కన చిన్న వ్యాపారం ఏదైనా పెట్టుకోరాదూ? ఖాళీ టైములో చేసుకోవచ్చు. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు కదా!" అని. ఈ చెప్పేవాళ్ళలో బంధువులున్నారు, టీవీలో నవ్వుతూ మాట్లాడే నిపుణులున్నారు, సెల్‌ఫోనులో నిమిషంలో జీవితం బాగుచేసే కుర్రాళ్ళున్నారు, ఆ ఫోనులోంచి తల ఎత్తకుండానే ఊఁ కొట్టే ఇంటాయన కూడా ఉన్నారు.

వ్యాపారం మంచిదే. ఆడవాళ్ళు చెయ్యడం ఇంకా మంచిది. ఉద్యోగం వదులుకోకుండా మొదలుపెట్టమనడం కూడా తెలివైన మాటే. సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా ఒకటో తారీఖున ఇంటద్దె కట్టుకోగలం. వీటిలో దేనితోనూ నాకు తగాదా లేదు. నా తగాదా అంతా ఆ 'ఖాళీ టైము' అన్న మాటతోనే. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడే, కాదనను. కానీ ఆ చన్నీళ్ళు నూతిలోంచి ఎవరు తోడాలో ఒక్కరూ చెప్పరేం?

లెక్క చూద్దాం. 2024లో కేంద్ర గణాంక శాఖవారు, దేశంలో జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేశారు. జీతం లేని ఇంటిపనికి, అంటే వంట, అంట్లు, బట్టలు, ఊడ్పు వగైరాలకి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. ఆ 88 కూడా ఇంటిపని ఎంతో కొంత చేసే మగవాళ్ళ సగటే సుమండీ! కంచం దగ్గర్నుంచి లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళని అందులో కలపలేదు. పిల్లల్ని చూసుకోవడం, ముసలివాళ్ళకి చెయ్యడం వేరే పద్దు.

289 నిమిషాలంటే 5 గంటలకి 11 నిమిషాలు తక్కువ. ఈ సగటులో ఉద్యోగం లేనివాళ్ళూ ఉన్నారు కనక, ఉద్యోగినికి 4 గంటలే వేసుకుందాం. ఆఫీసు 8. రానూ పోనూ బస్సులో 2. నిద్ర 7. (ఇది మర్యాదకోసం వేసిన అంకె.) మొత్తం 21. మిగిలినవి 3 గంటలు. ఆ మూడింట్లోనే స్నానం చెయ్యాలి, నాలుగు మెతుకులు తినాలి, పిల్లాడి లెక్కలు చూడాలి, అత్తగారికి మాత్రలు ఇవ్వాలి, శుభలేఖ పట్టుకుని వచ్చినవాళ్ళకి కాఫీ పెట్టి పంపాలి. ఇక ఖాళీ టైము ఎక్కడుందో ఆ నిపుణులే వచ్చి వెతికి చూపిస్తే బాగుంటుంది.

కాబట్టి ఉద్యోగిని వ్యాపారం పెడితే దానికి కావలసిన గంటలు మూడు చోట్లనుంచే రావాలి. ఆఫీసు పనిలోంచి తియ్యాలి, లేదా నిద్రలోంచి తియ్యాలి, లేదా ఇంటిపనిలోంచి తియ్యాలి. ఆఫీసు గంటలు తియ్యడం తప్పు. ఫైలు కింద చీరల జాబితా పెట్టుకుని కూర్చుంటే ఎవరికైనా కనిపిస్తుంది కూడా. ఇంటిపనిలోంచి తీస్తే ఇంట్లోవాళ్ళ మొహాలు మాడతాయి. నిద్రలోంచి తీస్తే ఎవరూ అడగరు. అందుకని నూటికి తొంభైమంది నిద్రలోంచే తీస్తారు. పదకొండింటికి వంటిల్లు సర్ది, ఒంటిగంటదాకా జాకెట్లకి హుక్సులు కుట్టి, అయిదింటికి లేచేవాళ్ళని నేనెరుగుదును. వాళ్ళని చూసి "ఎంత ఓపికమ్మా!" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అదే మగాయన పక్కన ఏదో మొదలుపెట్టాడనుకోండి. షేర్లో, స్థలాల బేరాలో, ఏదైనా సరే. ఇల్లంతా ఆయన చుట్టూ సర్దుకుంటుంది. "నాన్నగారు పనిలో ఉన్నారు, అల్లరి చెయ్యకండి" అని పిల్లల్ని పక్కగదిలోకి తోలేస్తాం. గంటకోసారి కాఫీ అందిస్తాం. ఆయన బల్లమీది కాగితం ఒక్కటి కదిల్తే ఇల్లు ఎగిరిపోతుంది. ఆవిడ వ్యాపారానికి బల్ల ఉండదు. భోజనాల బల్లమీద అందరి భోజనాలూ అయ్యాక ఆవిడ దుకాణం తెరవాలి. రేటు అడగడానికి ఎవరో ఫోను చేసిన నిమిషానే లోపల్నుంచి "నా నీలం చొక్కా ఏదీ?" అని కేక. ఆయనది వ్యాపారం. ఆవిడది కాలక్షేపం.

ఆ కాలక్షేపం అన్న మాటే మన లెక్కల్ని కూడా పాడుచేస్తోంది. ఆవకాయ సంగతే తీసుకోండి. వేసవి వచ్చేసరికి ఆఫీసులో ఒకావిడో ఇద్దరో ఆర్డర్లు పడుతూనే ఉంటారు. టెంక పట్టిన పుల్లటికాయ ఏరి తేవాలి. కడిగి, చెమ్మ లేకుండా తుడవాలి. ముక్కలు కొట్టించాలి. జీడి తీసి, లోపలి పొర గీకి, మళ్ళీ ఒక్కొక్క ముక్కా తుడవాలి. ఆవాలు ఎండబెట్టి పిండి కొట్టించాలి. కలిపి జాడీకెత్తి, మూడోనాడు తిరగ కలపాలి. తరవాత సీసాలు, మూతలు, చీటీలు, నూనె కారకుండా చుట్టడాలు, కొరియరువాడి దగ్గర క్యూ.

ఇరవై కిలోలు పెట్టిందనుకుందాం. కిలో 400 రూపాయలకి అమ్మింది. కాయ, నూనె, కారం, ఉప్పు, సీసా అన్నీ కలిపి కిలోకి 280 ఖర్చయింది. కిలోకి 120 చొప్పున 2,400 లాభం. ఇంట్లో అందరూ సంతోషించారు. ఇప్పుడు గంటలు లెక్కపెట్టండి. రెండు ఆదివారాలు, మధ్యలో వారం రాత్రుళ్ళు, కలిపి 40 గంటలనుకోండి. అంటే గంటకి 60 రూపాయలు. అదే మనిషికి ఆఫీసులో నెలకి 40,000 జీతమైతే, 25 రోజులు, రోజుకి 8 గంటల చొప్పున, గంటకి 200 పడుతోంది. ఆఫీసులో 200 విలువచేసే మనిషి ఇంటికి రాగానే 60కి దిగిపోయింది! ఇందులో ఆడపడుచుగారికి ఊరికే ఇచ్చిన సీసా, దారిలో పగిలిన సీసా, "మనలో మనకి డబ్బులేమిటే" అంటూ పట్టుకుపోయిన పక్కింటి పిన్నిగారి సీసా వెయ్యలేదు. అవీ వేస్తే ఆవిడే ఎదురు డబ్బిచ్చి పనిచేసినట్టు తేలినా ఆశ్చర్యంలేదు.

ఈ మాట అంటే వెంటనే లిజ్జత్ అప్పడాలవాళ్ళని ఉదాహరణ చూపిస్తారు. బాగానే ఉంది. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడమీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అది దేశమంతా పాకింది. కానీ ఆ కథ చెప్పేవాళ్ళు అసలు ముక్క మింగేస్తారు. ఆ సంస్థలో అప్పడం ఒత్తిన చేతికి ఒత్తిన బరువునిబట్టి కూలి ముడుతుంది. చాకిరీకి ధర కట్టాకే సరుకుకి ధర. పైగా వాళ్ళు ఎనిమిది గంటలు ఇంకో ఆఫీసులో వెలగబెట్టి వచ్చి రాత్రి అప్పడాలు ఒత్తలేదు. వాళ్ళకి అదే పని.

చీరల వ్యాపారం ఇంకో తమాషా. మంగళగిరి వెళ్ళో, గద్వాల వెళ్ళో, రొక్కం పోసి ఇరవై చీరలు తెస్తుంది. ఆఫీసులో అందరూ చుట్టూ మూగుతారు, మడతలు విప్పుతారు, భుజంమీద వేసుకుని అద్దం ముందు నిలబడతారు. చీరలు ఆ మధ్యాహ్నమే అయిపోతాయి. డబ్బు మాత్రం "ఒకటో తారీఖు", "ఈ నెల ఫీజులు కట్టాం, పై నెల" అంటూ నాలుగు వాయిదాల్లో దేకుతుంది. రోజూ మొహాలు చూసుకునేవాళ్ళని గట్టిగా అడగలేదు. నేతగాడికి రొక్కం, మనవాళ్ళకి అరువు. మధ్యలో ఇరుక్కున్న సొమ్ము ఈవిడ జీతంలోది. ఇది చన్నీళ్ళు కలపడం కాదు, ఉన్న వేణ్ణీళ్ళు ఒలకబోసుకోవడం.

అసలు అమ్మే హక్కు ఉందో లేదో కూడా చాలామంది చూసుకోరు. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోకుండా ప్రత్యక్షంగాగానీ పరోక్షంగాగానీ వ్యాపారం చెయ్యకూడదు. రాష్ట్ర ఉద్యోగులకి వేరే నియమాలున్నాయి. ప్రైవేటువాళ్ళయితే తమ అపాయింట్‌మెంట్ ఆర్డరు చివరి పేజీదాకా చదవాలి. టీచర్లు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకునేవారు కదా అంటారేమో. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షను టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంది. (అప్పుడప్పుడూ సాహిత్య రచన చేసుకోవడానికి మాత్రం ఆ 15వ నియమం అడ్డు రాదు. రచయితల వల్ల ఖజానాకి ప్రమాదం లేదని కనిపెట్టినట్టున్నారు.)

ఆ నియమంలోనే ఇంకో చోద్యముంది. ఉద్యోగి తన కుటుంబంలోవాళ్ళు నడిపే బీమా ఏజెన్సీకి, కమీషన్ ఏజెన్సీకి ఖాతాదార్లని పోగుచేసిపెట్టినా తప్పేనని రాశారు. అలా ఎందుకు రాయవలసి వచ్చిందో మనకి తెలియనిదా? ఆయన వ్యాపారం ఆవిడ పేరుతో నడపడం మనకి కొత్త కాదు. బోర్డుమీద పేరు ఆవిడది, చెక్కుబుక్కు ఆయన సొరుగులో. చూపించినచోట సంతకం పెట్టడమే ఆవిడ చేసే వ్యాపారం. లాభం వచ్చినప్పుడు ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. బ్యాంకు అప్పు తీరనప్పుడు నోటీసు వచ్చేది మటుకు ఆ పేరుకే! అమ్మా, పేరు అరువివ్వమని అడిగితే ఖాతా నాచేతిలో ఉంటేనే ఇస్తాననండి. పోట్లాట వస్తే రానివ్వండి. నోటీసు వచ్చాక పడే పోట్లాటకన్నా అది చిన్నదే.

ముగ్గుర్ని చేర్పించు, వాళ్ళు తలా ముగ్గుర్ని చేర్పిస్తారు, నువ్వు కూర్చుని తినొచ్చు అనే పథకాల గురించి ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. అలాంటి డబ్బు చలామణీ పథకాలని 1978లోనే చట్టం చేసి నిషేధించారు. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా గొలుసు పథకాలు కూడదన్నాయి. అయినా కిట్టీ పార్టీలకి అవి వస్తూనే ఉన్నాయి. అందులో అమ్ముడయ్యేది సబ్బూ కాదు, పౌడరూ కాదు. మన స్నేహితురాళ్ళు.

ఇంతా చెప్పి వ్యాపారమే వద్దంటున్నావా అని మీరడగచ్చు. అననే అనను. చెయ్యండి. కానీ గంటలు ఆ మూడోచోటునుంచి, అంటే ఇంటిపనిలోంచి తియ్యండి. మొదటి ఆర్డరు తీసుకోబోయేముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పండి: ఫలానా తారీఖునుంచి సాయంత్రం వంట నాది కాదు, ఏడు నుంచి తొమ్మిది దాకా నన్ను పిలవకండి, ఈ బల్ల నాది, ఈ ఖాతా నాది. మీ చాకిరీకి గంటకింతని ధర కట్టి, దాన్ని ఖర్చుల్లో రాసి, ఆపైన అమ్మకం ధర వెయ్యండి. తినేవస్తువు అమ్మేట్టయితే ఆహార భద్రతవాళ్ళ దగ్గర నమోదు చేయించుకోండి. అరువు ఇవ్వకండి, నాకైనా సరే. వచ్చినదాంట్లో మొదటి రూపాయితో మీకు చేదోడుగా ఒక మనిషిని పెట్టుకోండి. ఆమెకి మాత్రం గంటకి 60 ఇచ్చి సరిపెట్టకండి.

సరుకు తేకముందే ఈ ఏర్పాటు మూడు నెలలు నడిపి చూడండి. మూడు నెలలు ఇంట్లోవాళ్ళు సాయంత్రం వంట చేసుకోగలిగితే మీ వ్యాపారానికి పెట్టుబడి దొరికినట్టే. అది ఏ బ్యాంకూ ఇవ్వదు. చేసుకోలేకపోతే, ఆ వ్యాపారం మీరు మొదలుపెట్టకండి. ఆ పూట హాయిగా పడుకోండి.

"మా ఆయనకి వంట రాదండీ" అంటారు చాలామంది. కొంతమందైతే అది కాస్త గర్వంగా కూడా అంటారు. ఏం? పుట్టగానే మనకి మాత్రం వచ్చిందా? సెల్‌ఫోనులో స్థలాల రేట్లు జిల్లాలవారీగా అప్పజెప్పగలిగిన మనిషి, గ్లాసుడు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసి, కుక్కరు మూడు కూతలు కూసేదాకా లెక్కపెట్టలేడా?