అణుబాంబు సంగతి మామిడి రైతుకెందుకు?



తేనెమంచు పురుగుకి ఏ మందు కొట్టాలి, నున్న మార్కెట్లో రేటెంత అని మాట్లాడుకునే మనకి అణుబాంబు గోల ఎందుకు అనుకోకండి. ఇది కూడా పంట సంగతే.

2025 మే నెల గుర్తు చేసుకోండి. మామిడి కోతల రోజుల్లోనే పాకిస్తాన్‌తో యుద్ధం ముంచుకొచ్చింది. మే 7న హైదరాబాద్, విశాఖల్లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. 10న కాల్పులు ఆగాయి కాబట్టి సరిపోయింది. రెండు దేశాల దగ్గరా అణుబాంబులున్నాయి. మన అణు జలాంతర్గామి అరిహంత్ తయారైంది కూడా విశాఖలోనే.

"బాంబు ఢిల్లీ మీదో లాహోర్ మీదో పడుద్ది, మన తోటల మీద ఎవడేస్తాడు?" అంటారు. వెయ్యక్కర్లేదండీ. టిప్పర్ దుమ్ము ఆకు మీద పడితే ఒక వాన కడిగేస్తుంది. నగరాలు తగలబడి లేచే మసి అలా కాదు. అది వాన మేఘాల కంటే పైకి పోయి, వానకి అందకుండా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎండ తగ్గుద్ది, చలి పెరుగుద్ది, వానలు తగ్గుతాయి. భారత్, పాకిస్తాన్ మధ్య పెద్ద అణుయుద్ధం జరిగితే ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా ఆకలితో చనిపోవచ్చని 2022లో నేచర్ ఫుడ్ పత్రికలో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పూత మీద నాలుగు రోజులు మబ్బు పడితేనే మన గుండె జారుద్ది. ఏళ్ల తరబడి మబ్బంటే ఏ బీమా ఆదుకుంటుంది?

"అయితే మనమొక్కళ్లమే వదిలెయ్యాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కళ్లమే వద్దు. గట్టు తగాదాలో ఇద్దరూ కర్రలు కింద పెడితేనే కదా పెద్దమనుషుల మాట నడిచేది. ఇక్కడా అంతే. అణు కేంద్రాల మీద దాడి చేసుకోకూడదని ఈ రెండు దేశాలే 1988లో ఒప్పందం రాసుకున్నాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. అంటే పగ ఉన్నా ఒప్పందం కుదురుతుంది.

ఇది పిరికి మాట కూడా కాదు. 1971 యుద్ధంలో వీరచక్ర అందుకుని, తర్వాత నౌకాదళాధిపతిగా చేసిన అడ్మిరల్ రాందాస్ రిటైరయ్యాక అణ్వాయుధాలు వద్దని ఊరూరా చెప్పారు. 2004లో పాకిస్తాన్‌కి చెందిన ఇబ్న్ అబ్దుర్ రెహ్మాన్‌తో కలిసి మెగసెసే అవార్డు అందుకున్నారు. 2024 మార్చిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

మన చేతిలో ఏముందంటారా? నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని అక్కడి చెంచులు, రైతులు గట్టిగా నిలబడ్డారు. బయటి జనం గొంతు కలిపారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. అది గనుల గొడవ, ఇది బాంబుల గొడవ. కానీ దారి ఒకటే, ఊరి నుంచే మొదలవ్వాలి.

అణ్వాయుధాల నిషేధ ఒప్పందానికి 2017లో ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు ఓటేశాయి. బాంబులున్న దేశం ఒక్కటీ చేరలేదు, మనదీ చేరలేదు. వచ్చే గ్రామసభలో రెండు ముక్కల తీర్మానం పెడదాం: పొరుగు దేశాలతో కలిసి అణ్వాయుధాలు తగ్గించుకునే చర్చలు మొదలుపెట్టాలని, ఆ కాపీ మన ఎంపీకి పంపాలని. దాంతో ఢిల్లీ రేపే కదలదు, నిజమే. అడగకపోతే ఎప్పటికీ కదలదు.

మా ఊళ్లో నేను లేచి అడుగుతాను. మీ ఊళ్లో ఎవరు అడుగుతారో కింద రాయండి.