గృహ దీపము: టీవీ పెట్టెకు వీపీఎన్ పెట్టవచ్చునా?



ఒక శనివారము సాయంత్రము కమాన్‌పూర్‌లో మా సంఘమునకు చెందిన తండ్రి, తల్లి, కుమారుడు ఒక చిన్న నల్ల పెట్టె పట్టుకొని మా ఇంటికి వచ్చారు. తండ్రి సింగరేణి బాయిలో పని చేసి రిటైరైనవాడు. కుమారుడు దుబాయిలో పని చేస్తూ సెలవు మీద వచ్చాడు. సోమవారము తిరుగు ప్రయాణము. ఆ పెట్టె, టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్ ద్వారా సినిమాలు, పాటలు, వాక్యము చూపించే మీడియా ప్లేయరు.

"అయ్యగారూ, దీంట్ల వీపీఎన్ పెడితే ఆడ రూముల మన తెలుగువన్నీ వస్తయట. మీకు ఎరికేనని తీస్కచ్చినం" అన్నాడు తండ్రి.

మా సంఘ ఆరాధనను యూట్యూబులో చూపించుచున్నందున ఈ పనులు మాకు కొంచెము తెలియును. తెలియునని చూపుకొనవలెనన్న ఆశ కూడా మాలో ఉన్నదని ఒప్పుకొనుచున్నాము. పావుగంటలో పెట్టి ఇచ్చాము. తెర మీద తాళపుచెవి గుర్తు వచ్చింది. అందరమూ సంతోషించాము. అప్పుడు అంతవరకు మాట్లాడని తల్లి మెల్లగా అడిగింది: "ఆడ పోలీసోళ్లు ఏమనరు గదా అయ్యగారూ?"

మా దగ్గర జవాబు లేదు. మొదట అడుగవలసిన ప్రశ్న చివరకు ఆమె అడిగింది. పెట్టెను ఆ రాత్రి మా దగ్గరే ఉంచుకొని, తెలిసికొని చెప్పుదుమని వారిని పంపాము. తెలిసికొన్నది మీతో కూడా పంచుకొనుచున్నాము. గల్ఫులో బిడ్డ ఉన్న ఇల్లు మన ప్రాంతములో ప్రతి వాడలో ఉన్నది గదా!

వీపీఎన్ అనగా ఇంటర్నెట్‌లో ఒక సొరంగము. మన పెట్టె నుండి వీపీఎన్ కంపెనీ యంత్రము వరకు వెళ్లే సమాచారమంతా రహస్య లిపిగా మారి పోవును. మధ్యలో ఇంటర్నెట్ ఇచ్చేవారికి మనమేమి చూస్తున్నామో కనబడదు. అవతలి వెబ్‌సైటుకు మన చిరునామా బదులు ఆ కంపెనీ యంత్రము చిరునామా కనబడును. ఆ యంత్రము హైదరాబాదులో ఉంటే మనము హైదరాబాదులో ఉన్నట్లే తోచును. సంగతి ఇంతే.

బాయి దిగిన మన అన్నదమ్ములకు ఇది సులభముగా అర్థమగును. సొరంగములోనికి దిగినవాడు పైనున్నవారికి కనబడడు. అయితే ల్యాంపు ఇచ్చినచోట, హాజరు పుస్తకములో అతని పేరు ఉండనే ఉంటుంది. వీపీఎన్ కూడా అంతే. అందరికీ కనబడకుండా పోయినా, సొరంగము యజమానికి మనము తెలియకపోము. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములలో వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల పేరు, చిరునామా మొదలైన వివరములు 5 సంవత్సరములు భద్రపరచవలెనని ఉన్నది. దీనికి ఒప్పుకొనలేక కొన్ని విదేశీ కంపెనీలు తమ యంత్రములను మన దేశము నుండి తీసివేశాయి. అయినను మన దేశములో వీపీఎన్ వాడుట నేరము కాదు.

దుబాయి సంగతి వేరు. యూఏఈ దేశపు 2021 నాటి 34వ నంబరు సైబరు చట్టము 2022 జనవరి 2 నుండి అమలులోనికి వచ్చింది. కంపెనీలు, బ్యాంకులు తమ పనికి వీపీఎన్ వాడుకొనుట అక్కడ తప్పు కాదు. కాని నేరము చేయుటకు గాని, నేరము బయటపడకుండా చేయుటకు గాని మరొక చిరునామా చాటున దాగితే జైలు, లేక 5 లక్షల నుండి 20 లక్షల దిర్హముల జరిమానా, లేక రెండూ. ఒక కూలివాని బ్రతుకంతా పెట్టినా తీరని మొత్తమది. అక్కడ మూసివేసిన సేవను వీపీఎన్‌తో తెరుచుకొనుట ఎంతవరకు నేరమని వాదించుటకు మన పిల్లల వెనుక వకీలు ఎవరున్నారు?

"ఉచితముగా దొరికే వీపీఎన్లు ఉన్నవి గదా" అని కొందరందురు. 2024 మే నెలలో అమెరికా ప్రభుత్వము 911 ఎస్5 అనే దొంగ వ్యవస్థను పట్టుకొన్నది. ఉచిత వీపీఎన్ల రూపములో ప్రజల కంప్యూటర్లలోనికి దూరి, 1 కోటి 90 లక్షల ఐపీ చిరునామాలను నేరస్తులకు అద్దెకిచ్చిన వ్యవస్థ అది. నేరము చేసినది ఎవరో, చిరునామా కనబడినది అమాయకునిది! 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ మరొక హెచ్చరిక చేసింది: చౌకగా అమ్మే కొన్ని ఆండ్రాయిడ్ టీవీ పెట్టెలలో కొనకముందే దొంగ ప్రోగ్రాములు ఉంటున్నాయని. పెట్టెలోని ప్లే స్టోర్ సెట్టింగులలో ప్లే ప్రొటెక్ట్ సర్టిఫైడ్ అని ఉన్నదో లేదో చూచుకొనండి. లేకపోతే ఆ పెట్టెలో బ్యాంకు, ఈమెయిలు వివరములు ఎన్నడును పెట్టవద్దు.

ఇక, "దాచుకొనుట పాపమా?" అని ఆ తండ్రి అడిగాడు. దాచుట అంతా పాపము కాదు. నెహెమ్యా గ్రంథము 2వ అధ్యాయములో నెహెమ్యా ఎవరికిని చెప్పక రాత్రివేళ యెరూషలేము గోడలను చూచి వచ్చాడు. అది పట్టణమును కాపాడుటకు చేసిన రహస్యము. యెహోషువ గ్రంథము 7వ అధ్యాయములో ఆకాను తన డేరాలో నేలలో దాచాడు. అది తనది కానిదానిని దాచుటకు చేసిన రహస్యము. బయటి వైఫైలో మన వివరములు దొంగల పాలు కాకుండా వీపీఎన్ పెట్టుకొంటే నెహెమ్యా పని. ఒక దేశము వరకే హక్కులు కొన్న కార్యక్రమమును, ఒప్పందము మీద సరేనని నొక్కి, మరొక దేశములో దొంగచాటుగా చూస్తే అది ఆకాను డేరాకు దగ్గరగా ఉన్నది. భార్యాపిల్లలకు తెలియకుండా అర్ధరాత్రి చెడ్డవి చూచుటకైతే మేము వేరుగా చెప్పనక్కరలేదు. దేవునికి ఏ సొరంగమును చీకటి కాదు.

న్యాయమైన అవసరము ఉన్నవారు ఇలా పెట్టుకొనండి. పేరున్న, డబ్బు తీసుకొనే కంపెనీని ఎన్నుకొనండి. ఆప్‌ను ప్లే స్టోర్ నుండి మాత్రమే దింపుకొనండి. లాగిన్ అయి, దగ్గరి ప్రాంతపు సర్వరును ఎన్నుకొంటే వేగము ఎక్కువ తగ్గదు. మొదటిసారి పెట్టె అనుమతి అడుగును. సరే అనగానే తాళపుచెవి గుర్తు వచ్చును. వైర్‌గార్డ్ అనే పద్ధతి ఉంటే దానిని పెట్టండి, తేలికగా నడుచును. కిల్ స్విచ్ అనునది ఆన్ చేస్తే, సొరంగము తెగినప్పుడు ఇంటర్నెట్ కూడా ఆగి మన వివరములు బయటపడవు. ఇంటిలో సొంత ఇంటర్నెట్‌తో ఆరాధనలు, వార్తలు చూచుకొనేవారికి మాత్రము ఇదేమియు అక్కరలేదు. పెద్ద వెబ్‌సైట్లు ఇప్పటికే తమ సమాచారమును రహస్య లిపిలోనే పంపుచున్నవి.

ఆదివారము ఆరాధన తరువాత ఆ కుటుంబముతో కూర్చుండి ఇదంతా చెప్పి, "తొందరపడినది మేమే, క్షమించండి" అన్నాము. కుమారునికి కోపము వచ్చింది. "రూముల అందరు వాడుతరయ్యగారూ, ఎవ్వరినేం చేసిండ్రు?" అన్నాడు. మేము వాదించలేదు. "నీకు నిజముగా కావలసినవేమి?" అని అడిగాము. కొంతసేపు ఊరకుండి, "అమ్మ ముఖం చూడాలె. మన గుడి పాటలు వినాలె" అన్నాడు.

ఆ రెండింటికీ వీపీఎన్ అక్కరలేదు. యూట్యూబు అక్కడ మామూలుగానే వచ్చును. ఇక్కడ 10 గంటల ఆరాధన అక్కడ ఎనిమిదిన్నరకు. వాట్సాప్ కాల్ అక్కడ పనిచేయకపోయినా, ఆ ప్రభుత్వము అనుమతించిన బోటిమ్ వంటి ఆప్‌లు ఉన్నవి. తల్లి ఫోనులో అది పెట్టి, ఎట్లు నొక్కవలెనో ఆమెకు మూడుసార్లు చూపించాము. పెట్టెలోని వీపీఎన్ తీసివేశాము. అతడు పెట్టెను తల్లి దగ్గరే విడిచి వెళ్లాడు.

అక్కడ తోటివాని ఫోనులో ఏమి చూచునో మాకు తెలియదు, ప్రార్థించుచున్నాము. కాని ప్రతి ఆదివారము ఆరాధన ముగియగానే ఆ తల్లి ఫోను మోగుచున్నది. ఆమె గుడి మెట్ల మీదనే కూర్చుండి మాటలాడుచున్నది.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఏ పెట్టె తెచ్చినా "ఇది దేనికి?" అని ముందుగా అడుగుడి. సేవకులమైన మేమును ఇక మీదట ముందే అడుగుదుము. ప్రభువు దూరముననున్న మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.