పడవలో పడిన నీరు పోయే దారేది?

పాత కర్ర తెప్పలో నీళ్ళు తోడినవారు లేరు. దుంగల సందుల్లోంచి వచ్చిన నీరు ఆ సందుల్లోంచే పోయేది. మనిషి తడిసేవాడు గాని తెప్ప మునిగేది కాదు. ఫైబర్ పడవలు వచ్చాక ఇంజను వచ్చింది, వేగం పెరిగింది, ఎక్కువ వలకు చోటు దొరికింది. డెక్కు మీద పడిన నీరు పోయే దారి గురించి మాత్రం శ్రద్ధ తక్కువే.

బారువ గాని, భావనపాడు గాని, కళింగపట్నం గాని, ఇసుక మీద నుంచి దిగే పడవకు ఒడ్డు కెరటాలు దాటక తప్పదు. 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల డెక్కు మీద 4 అంగుళాల నీరు నిలిచిందనుకోండి. దాని బరువు 470 కిలోలకు పైమాటే. ఏడెనిమిది మంది అదనంగా ఎక్కినట్లు! మనుషులైతే చెప్పిన చోట కూర్చుంటారు. నీరు అలా కాదు, పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి మరింత ఒరగదోస్తుంది. రెండో కెరటం మీద పడేలోగా ఆ నీరు బయటికి పోవాలి.

అంగుళం కన్నాలు రెండు పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. రెండంగుళాల కన్నం అంగుళం కన్నానికి రెట్టింపు కాదు, వైశాల్యంలో నాలుగు రెట్లు. చిన్న కన్నానికి ఒక్క వల పీలిక, గుప్పెడు పొలుసులు చాలు మూసుకుపోవడానికి. కన్నాలు రెండు పక్కలా ఉండాలి, డెక్కు పల్లమైన చోట ఉండాలి. ఆ పల్లం ఒడ్డున చూస్తే తెలియదు. ఇంజను, వల, మనుషులు ఎక్కాక పడవ నీటిలో ఎలా కూర్చుంటుందో చూసి గుర్తు పెట్టుకోవాలి. ఇంత చేసి ఆ కన్నాల మీదే వల కుప్ప పోసేవారూ లేకపోలేదు.

ఒక హెచ్చరిక. నిండు బరువుతో ఉన్నప్పుడు కూడా డెక్కు బయటి నీటిమట్టానికి పైన ఉండే పడవలకే ఈ కన్నాలు. డెక్కు లేని పడవకు కన్నం పెడితే సముద్రమే లోపలికి వస్తుంది. దానికి పంపు, చేద తప్ప గతి లేదు. బయటివైపు పై అంచు మాత్రమే బిగించిన రబ్బరు ముక్క ఉంటే నీరు పోతుంది, ఎదురు వచ్చే కెరటం చాలావరకు ఆగుతుంది. ఫైబర్‌ను తొలిచిన అంచును రెజిన్‌తో మూయకపోతే లోపలి పొరల్లోకి నీరు దిగి పడవ పాడవుతుంది.

ఇది లక్షల ఖర్చు పని కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది గనుక తీరిక లేదనడానికీ వీల్లేదు. కొత్త పడవ కొనేవారు ఆఖరి వాయిదా ఇచ్చేముందు ఉప్పుటేరులో నిండు బరువుతో నిలిపి, డెక్కు మీద నాలుగు డ్రమ్ముల నీళ్ళు పోయించి గడియారం చూడాలి. సబ్సిడీ పడవలు పంచే అధికారులు పొడవు, ఇంజను నంబరు సరిచూస్తున్నారు. ఆ నాలుగు డ్రమ్ముల పరీక్ష కూడా వారి ఎదుటే జరగాలి.