వెనుక సీటు సంగతి

మన సంఘం సభ్యుల ఇళ్ళ ముందు నిలబడి ఉండే మోటారు సైకిలుకు ఊరికొక పేరు. చెన్నైలో పిల్లలు ‘వండి’ అంటారు. బెంగళూరులో ‘గాడి’, షోలాపూరులో, బరంపురంలో కూడా ఇంచుమించు అదే మాట. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం ఇంకా ‘బండి’ అనే అంటున్నారు. పేరు ఏదైతేనేం, అది చేసే చాకిరీ ఒకటే. పొద్దున పిల్లను బడి దగ్గర దింపి ఆఫీసుకు, సాయంత్రం ఆలుమగలు ఇద్దరూ కూరగాయల మార్కెట్టుకు, పండుగ వస్తే బరంపురం నుంచి ఇచ్ఛాపురానికో, కృష్ణగిరి నుంచి కుప్పానికో, యానాం నుంచి కాకినాడకో చుట్టాల ఇంటికి.

ఈ ప్రయాణాల్లో సగానికి పైగా బండి మీద ఇద్దరు ఉంటారు. కాని కొనేటప్పుడు మైలేజీ అడిగేది ముందు కూర్చునే మనిషి. సర్వీసింగుకు తీసుకుపోయేది ఆయనే. సర్వీసింగు అయ్యాక వీధి చివరిదాకా ఒక చుట్టు తిరిగి వచ్చి, “బాగానే ఉంది” అని సంతకం పెట్టేదీ ఆయనే. ఒంటరిగా నడిపి చూస్తాడు గనుక బాగానే ఉంటుంది మరి! వెనుక కూర్చునే మనిషి వైపు నుంచి బండిని చూసేవాళ్ళు తక్కువ. ఈసారి మన శీర్షికలో అటు నుంచి చూద్దాం. నేను చెప్పేది వంద సి.సి. నుంచి నూట పాతిక సి.సి. దాకా ఉండే మామూలు బళ్ళ గురించే. అంతకు మించిన బళ్ళున్న కుర్రవాళ్ళు తొందరగా ఉంటే పేజీ తిప్పేయవచ్చు గాని, కాగితాల సంగతి మాత్రం వాళ్ళకూ వర్తిస్తుంది.

ముందు బరువు లెక్క. 1985 లో హీరో హోండా సి.డి. 100 వచ్చి మన మధ్యతరగతి ఇళ్ళకు నాలుగు స్ట్రోకుల ఇంజనును అలవాటు చేసింది. 1994 లో స్ప్లెండర్ వచ్చింది. ఆ భాగస్వాములిద్దరూ విడిపోయి, 2011 లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్‌గా మారినా స్ప్లెండర్ పేరు మాత్రం పోలేదు. ఆ బండి బరువు దాదాపు 112 కిలోలు. దంపతులు ఇద్దరూ ఎక్కి, మధ్యలో ఒక సంచీ ఇరికిస్తే 140 కిలోలు అవుతుంది. అంటే మోసే దాని కంటే మోయించుకునే బరువు ఎక్కువ. కారుకు ఈ అవస్థ ఎప్పుడూ లేదు. పైగా రెండో మనిషి బరువంతా పడేది వెనుక చక్రం మీదనే.

కాబట్టి మొదట చూడవలసింది వెనుక టైరులో గాలి. ఎంత ఉండాలో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బళ్ళకు చెయిన్ కవరు మీద స్టిక్కరు కూడా అంటించి ఉంటుంది. అందులో వెనుక టైరుకు రెండు అంకెలు ఉంటాయి, ఒకరికి ఒకటి, ఇద్దరికి ఇంకొకటి. వంద సి.సి. బండికి ఒక్కరే అయితే 28 పౌండ్ల చుట్టుపక్కల, ఇద్దరైతే అంతకంటే బాగా ఎక్కువ. పెట్రోలు బంకులో కుర్రవాడు “ఎంత పెట్టమంటారు సార్?” అని అడుగుతాడు. “మామూలే పెట్టు బాబూ” అంటాం. ఆ మామూలు ఎవరికి మామూలో ఇద్దరికీ తెలియదు. గాలి తక్కువైన టైరు పక్కలకు నలుగుతుంది, వేడెక్కుతుంది, మలుపులో బండి ఈదినట్టు ఉంటుంది. ముందున్న ఆయనకు అది హ్యాండిలులో కొంచెమే తెలుస్తుంది, వెనుక ఉన్నావిడకు నడుములో తెలుస్తుంది. “బండి ఊగుతోందండీ” అని ఆమె అంటే, “రోడ్డు అలాంటిది” అని జవాబు. పదిహేను రోజులకు ఒకసారి, బండి ఎక్కువ దూరం తిరగకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోండి.

టైరు వయసు కూడా చూడవచ్చు. పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019 వ సంవత్సరం 23 వ వారంలో తయారైనదని అర్థం. గాళ్ళు అరగకపోయినా, పక్కన సన్నటి పగుళ్ళు కనిపిస్తే ఆ టైరుకు సెలవు ఇవ్వడమే మంచిది.

వెనుక షాక్ అబ్జార్బర్ల అడుగున మెట్లు మెట్లుగా ఒక రింగు ఉంటుంది. దాన్ని తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుంది. అందుకు కావలసిన కొక్కెం లాంటి స్పానరు బండితోపాటు ఇచ్చిన టూల్ కిట్‌లో ఉంటుంది. (టూల్ కిట్ విప్పి చూసినవాళ్ళు ఎంతమందో చేతులెత్తమంటే నాకు భయమే.) రోజూ ఇద్దరు తిరిగే బండికి రెండు పక్కలా సమంగా ఒకటి రెండు మెట్లు పెంచి ఉంచుకోవాలి. లేకపోతే వెనుక భాగం కుంగి, ముందు దీపం పైకి లేచి, రాత్రి పూట రోడ్డు మీద కాక ఎదుటివాడి కళ్ళలో వెలుగుతుంది.

ఇక చెయిన్. మామూలు బళ్ళలో చాలావాటికి చెయిన్ అంతా కవరు లోపల ఉంటుంది గనుక కంటికి కనబడదు, గుర్తుకూ రాదు. కవరు మీద చిన్న రబ్బరు మూత ఉంటే, అది తీసి వేలితో చెయిన్‌ను కిందికీ పైకీ కదిపి చూడాలి. సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్ల కదలిక ఉండాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే చెయిన్ అంతటా ఒకేలా అరగదు. మరీ వదులైతే పళ్ళ మీద నుంచి జారుతుంది. మరీ బిగుతైతే, ఇద్దరు ఎక్కి స్ప్రింగు కుంగినప్పుడు ఇంకా లాగబడి బేరింగులను తినేస్తుంది. మెకానిక్ ఒంటరి బండిని చూసి గట్టిగా బిగించేస్తే ఇదే జరుగుతుంది. బిగించాక చక్రం ఇరుసుకు రెండు పక్కలా ఉన్న గీతలు సమంగా ఉన్నాయో లేదో మీరు వంగి చూడండి, అందుకు ఇంజనీరింగు చదవనక్కరలేదు. సుమారు అయిదు వందల కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిస్తే ఆ మర్నాడే, చెయిన్ లూబ్రికెంటో గేరు ఆయిలో వేయాలి. వేసేటప్పుడు ఇంజను ఆపి, చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజను నడుస్తుండగా గుడ్డ పెట్టి తుడవబోయి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆదివారం పొద్దున తండ్రి బండి తుడుస్తుంటే పక్కన పిల్లలు కూర్చుంటారు కదా, వాళ్ళకు ఈ మాట మరీ మరీ చెప్పండి.

ఇంజను ఆయిలు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు సంగతి ఎవరి మెకానిక్ వారికి చెప్పనే చెబుతాడు. ఒక్క మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బళ్ళలో చాలావాటికి ఫ్యూయెల్ ఇంజెక్షను ఉంటుంది. పాతకాలపు అలవాటుతో “మైలేజీ సెట్ చేస్తాను” అని స్క్రూడ్రైవరు పట్టుకొచ్చేవారికి దాన్ని అప్పగించకండి.

వెనుక బ్రేకు దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు అది పక్కనున్న గీతను చేరితే బ్రేకు షూలు అయిపోయినట్టే. బ్రేకు నొక్కగానే వెనుక ఎర్ర దీపం వెలుగుతోందా అన్నది ఇంట్లోవాళ్ళను వెనుక నిలబెట్టి వారానికి ఒకసారి చూడండి. వెనుక నుంచి లారీ వస్తుంటే ఆ దీపానికీ లారీకీ మధ్య ఉండేది ఇంటావిడ వీపు.

చీర సంగతి. వెనుక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే అడ్డు, పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు లేకుండా వెనుక సీటున్న బండిని తయారు చేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123 వ నిబంధన చెబుతోంది. అంటే శారీ గార్డు అలంకారం కాదు, చట్టం. కాలేజీకి వెళ్ళే అబ్బాయిలు బండి ‘లుక్’ కోసం దాన్ని ఊడబెరికేస్తారు. అదే బండి మీద ఆదివారం తల్లి గుడికి వెళుతుంది. పైట చెంగో, చెల్లెలి చున్నీయో చక్రంలో చుట్టుకుంటే మనిషి వెనక్కి పడుతుంది, లేదా మెడకు బిగుసుకుంటుంది. కొత్త గార్డుకు అయ్యే ఖర్చు ఒక పూట హోటలు ఖర్చు కంటే ఎక్కువ ఉండదు. హెల్మెట్ కూడా ఇద్దరికీ ఉండాలి, ఐ.ఎస్.ఐ. గుర్తుతో. మనలో చాలామంది ఇళ్ళలో మంచి హెల్మెట్ ఒకటి, పోలీసుకు చూపించడానికి ఒకటి ఉంటాయి. ఆ రెండోది ఎవరికిస్తారో చెప్పనక్కరలేదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలన్న నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది.

ఇప్పుడు కాగితాలు. నా ఉద్యోగం కాగితాలతోనే గనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మాతో పనిచేసిన ఒకాయన భార్యను వెనుక ఎక్కించుకొని వెళుతూ, చీకట్లో స్పీడ్ బ్రేకరు చూసుకోలేదు. ఆవిడ పడి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆవిడ అడిగిన మొదటి మాట, “ఏమండీ, బండికి ఇన్స్యూరెన్సు కట్టారు కదా?” “కట్టాను” అన్నాడు ఆయన. కట్టిన మాట నిజమే. కాని అది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే. కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదని చాలామంది అడిగారు. వేరే బండి వచ్చి గుద్దితే ఆ బండి బీమా నుంచి వెనుక కూర్చున్నవారు పరిహారం అడగవచ్చు. మన బండి మీద నుంచి మనంతట మనమే పడితే లెక్క వేరు. చట్టం ప్రకారం తప్పనిసరి అయిన పాలసీ ఒక్కటే ఉంటే, ఊరికే వెనుక ఎక్కిన మనిషికి అది వర్తించదని 2006 లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే వెనుక కూర్చున్నవారి బాధ్యత కంపెనీదేనని 2009 లో ఐ.ఆర్.డి.ఎ. కంపెనీలకు స్పష్టం చేసింది. తేడా అక్కడ ఉంది.

ఇందులో ఇంకొక చిక్కు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త బండి కొన్నవారు అయిదేళ్ళకు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. బండి నష్టానికి ఇచ్చే భాగం మాత్రం చాలా పాలసీలలో ఒక ఏడాదికే. “అయిదేళ్ళ ఇన్స్యూరెన్సు ఉంది” అనే ధైర్యంతో మనవాళ్ళు రెండో ఏడు దాని మాటే తలపెట్టరు. అప్పుడు చేతిలో మిగిలేది చట్టానికి చాలినంతే. మీ పాలసీ ఈ రాత్రే తీసి, రెండు తేదీలూ చదవండి. రెన్యువల్ చేసేటప్పుడు వెనుక కూర్చునేవారికి వర్తిస్తుందా అని రాతమూలకంగా అడగండి, వారి పేర వ్యక్తిగత ప్రమాద బీమా అదనంగా చేర్చమనండి.

పదిహేను లక్షల తప్పనిసరి ప్రమాద బీమా ఉంది కదా అనవచ్చు. అది ‘ఓనర్ డ్రైవర్’ కు. అంటే ఆర్.సి. లో పేరున్న యజమాని, లైసెన్సు కలిగి, తానే నడుపుతున్నప్పుడు. బండి తండ్రి పేర ఉండి కొడుకు నడుపుతుంటే ఆ డబ్బు కొడుక్కి రాదు. మన ఇళ్ళలో సగం బళ్ళు ఇలాగే తిరుగుతున్నాయి. రోజూ నడిపేవాడి పేరుకు బండి మార్పించడమో, వాడి పేర వేరే ప్రమాద బీమా తీసుకోవడమో చేయాలి.

అమ్మేసిన బండి సంగతి కూడా ఇలాంటిదే. “తెలిసినవాడే, నెమ్మదిగా మార్పించుకుంటాడులే” అని తాళం చేతికి ఇచ్చేస్తాం. వాడు ఇంకొకరికి అమ్ముతాడు. ఆర్.సి. లో ఎవరి పేరుందో వారే చట్టం దృష్టిలో యజమాని అని 2018 లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మూడో మనిషి బీమా లేకుండా ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది మన ఇంటికే. 29, 30 నంబరు ఫారాల మీద ఇద్దరి సంతకాలు పెట్టి ఆర్.టి.ఓ. కు చేర్చిన తరువాతే తాళం ఇవ్వండి. బ్యాంకు అప్పుతో కొన్న బండి అయితే అప్పు తీరగానే 35 వ నంబరు ఫారం తీసుకొని ఆర్.సి. లో బ్యాంకు పేరు తీయించుకోండి. అప్పు తీరిపోయి ఏళ్ళు గడిచినా ఆ పని చేయించుకోనివారు ఉన్నారు.

చివరగా, ఇంట్లో ఆడవాళ్ళ చెవిన వేయవలసిన మాట ఒకటి. యజమాని పోతే ముప్పై రోజుల లోపల ఆర్.టి.ఓ. కు తెలియజేసి, మూడు నెలల లోపల 31 వ నంబరు ఫారంతో బండిని వారసుల పేరుకు మార్పించుకోవాలి. 2021 నుంచి ఆర్.సి. లోనే నామినీ పేరు రాయించుకొనే వీలు ఉంది. కొత్త బండి అయితే రిజిస్ట్రేషను రోజునే ఆ గడి నింపించండి. పాత బండికైతే, ఈసారి ఏ పని మీద ఆర్.టి.ఓ. ఆఫీసుకు వెళ్ళినా నామినీ ఆధార్ కార్డు నకలు ఒకటి జేబులో పెట్టుకొని వెళ్ళండి.