తీగకు పేరు తప్పితే

తీగకు రెండు కొసలు. రెండింటి మీదా ఒకే నంబరు ఉండాలి, ఆ నంబరే డ్రాయింగులోనూ ఉండాలి. కరెంటు పనిలో ఇంతకన్నా చిన్న నియమం లేదు. అది తప్పితే ఏమవుతుందో 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బహానగా బజార్ స్టేషన్‌లో తేలింది.

షాలిమార్ నుంచి చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మన గూడూరు మీదుగానే పోతుంది. ఆ రైలు గూడూరు దాకా రాలేదు. మెయిన్ లైనుకు పచ్చ సిగ్నలు పడింది, పట్టాలు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉన్నాయి. ఆగి ఉన్న గూడ్సును రైలు గుద్దింది. పట్టాలు తప్పిన పెట్టెలు పక్క లైనులో పోతున్న బెంగళూరు–హౌరా రైలుకు తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు. గతంలో సిగ్నల్ సర్క్యూటు మార్చినప్పుడు దొర్లిన లోపాలు, 94వ నంబరు గేటు దగ్గర బ్యారియర్ మార్చే పనిలో దొర్లిన లోపాలు కలిసి ఈ ఘోరానికి దారితీశాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. గేటు పక్కన లొకేషన్ బాక్సులో తీగల మీదున్న గుర్తులే తప్పు. ఏళ్ల తరబడి అవి అలాగే ఉన్నాయి, ఎవరి కంటా పడలేదు. అంతకుముందు ఏడాది, 2022 మే 16న, అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో మరో స్టేషన్‌లో కూడా వైరింగ్ తప్పు బయటపడిందని ఆ నివేదికే చెప్పింది. అప్పుడే తక్కిన బాక్సులు కూడా తెరిచి చూసి ఉంటే!

తీగ మీద ఆ గుర్తు ఎలా వస్తుందో ప్యానెల్ బోర్డులు కట్టే షాపులో చూడాలి. మన దగ్గర చాలా చోట్ల ఇప్పటికీ పసుపు రంగు ప్లాస్టిక్ రింగులే. వాటిని ఫెర్రూలు అంటారు. ఒక్కో రింగు మీద ఒక్కో అంకె లేదా అక్షరం. డబ్బాల్లోంచి ఏరి, పూసలు గుచ్చినట్టు తీగకు గుచ్చాలి. ఒక ప్యానెల్లో 500 తీగలున్నాయనుకుందాం. కొసలు వెయ్యి. కొసకు అయిదు రింగులు వేసుకుంటే అయిదు వేల పూసలు. మధ్యాహ్నం రెండింటికి, ఫ్యాను కూడా వేడి గాలే కొడుతున్నప్పుడు, అయిదు వేలలో ఒకటి తలకిందులుగా పడదని ఎవరు పూచీ పడతారు? 68ని తిప్పితే 89. 16ని తిప్పితే 91. అందుకే పద్ధతి తెలిసిన చోట 6కూ 9కీ కింద గీత పెడతారు. రింగులు కూడా లేని చోట్ల టేపు ముక్క మీద పెన్నుతో రాస్తారు. మూడేళ్లకు సిరా పోతుంది, టేపు జిగురు కారుతుంది. రిపేరుకొచ్చినవాడు తలుపు తీసి "ఇది ఏ వైరబ్బా?" అని నిలబడిపోతాడు.

దీనికి మందు ఎప్పుడో వచ్చింది. ట్యూబ్ ప్రింటరు చూడటానికి పాతకాలపు టైప్‌రైటరంత ఉంటుంది. ఒక పక్క నుంచి తెల్లటి పీవీసీ గొట్టం చుట్ట లోపలికి పోతుంది. రిబ్బను మీది రంగు వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది. నంబరు పూర్తికాగానే బ్లేడు సగం లోతు మాత్రమే కోస్తుంది. దాంతో స్లీవులనే ఆ గొట్టం ముక్కలు చెదిరిపోకుండా వరస క్రమంలోనే దండగా బయటికొస్తాయి, ఒక్కొక్కటి తుంపి తీగకు ఎక్కించడమే. వేడి గాలి కొడితే ముడుచుకుని తీగను పట్టుకునే హీట్ ష్రింక్ రకం కూడా ఉంది. ఆటోమేటిక్ యంత్రాలు ఇంకో మెట్టు పైన. తీగను కొలత ప్రకారం కోసి, కొసన తొడుగు ఒలిచి, స్లీవు ముద్రించి, కోసి, తీగకు తొడిగి, చివర లగ్గు అనే లోహపు ముక్క నొక్కి ఇస్తాయి. పెద్ద కర్మాగారాలకు అవి గిట్టుబాటు. చిన్న షాపుకు ట్యూబ్ ప్రింటరు చాలు. మామూలు మోటార్‌సైకిల్ ధరలోపే దొరుకుతుంది. మూడు ప్యానెళ్లు కట్టే షాపువాడు కూడా దాన్ని ఖర్చు అనుకుంటున్నాడంటే, తప్పు వెతకడానికి పోయే రోజుల్ని అతను లెక్క వేయడం లేదన్నమాట.

అయితే యంత్రాన్ని తెచ్చి పెట్టగానే గండం గడిచినట్టు కాదు. తప్పుడు నంబరిస్తే తప్పుడు నంబరే వేస్తుంది, అదీ చూడముచ్చటగా. బహానగాలో జరిగింది చేతిరాత చెదిరిపోవడం కాదు. సర్క్యూటు మారింది, దానికి తగ్గట్టు తీగల పేర్లు మారలేదు. యంత్రం వల్ల అసలు లాభం ఇక్కడే ఉంది: ప్రింటరుకు వెళ్లే జాబితా నేరుగా డ్రాయింగు ఫైలు నుంచే రావచ్చు. డ్రాయింగు మార్చినవాడు అదే పూట కొత్త స్లీవులు తీయవచ్చు. తీగ మార్చి కాగితం మార్చకపోవడం, కాగితం మార్చి తీగను వదిలేయడం రెండూ తగ్గుతాయి. పూసలు గుచ్చే పని తప్పిన మనిషిని మీటరు ఇచ్చి తీగ తీగకూ రెండు కొసలూ సరిచూసే పనికి పెట్టాలి, ఇంటికి పంపకూడదు.

అలసిన మనిషిని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో లండన్ చూసింది. 1988 డిసెంబర్ 12న క్లాఫమ్ జంక్షన్ దగ్గర రైళ్లు గుద్దుకుని 35 మంది చనిపోయారు. కొత్త వైరింగ్ వేసినప్పుడు పాత తీగను కోసి పక్కకు కట్టకుండా వదిలేశారు. అది మళ్లీ తగిలి, ఎర్ర సిగ్నలు పడాల్సిన చోట పడలేదు. ఆ పని చేసిన టెక్నీషియన్‌కు అంతకు ముందు 13 వారాల్లో దొరికిన సెలవు ఒక్క రోజు.

గూడూరుకు ఈ గోల ఎందుకంటారా? కరెంటుతో ఈ ఊరి చుట్టరికం పాతది. గూడూరు, సైదాపురం చుట్టుపక్కల గనుల్లో తవ్విన అభ్రకం, ఊళ్లో కాకిబంగారం అనేది, దేశదేశాల విద్యుత్ పరికరాల్లో కరెంటు దాటకుండా అడ్డం నిలిచింది. దాన్ని పొరలు పొరలుగా ఒలిచి రకాలు ఏరింది కూడా చేతులే. మంటల్లోనూ పనిచేయాల్సిన కేబుళ్లలో రాగి తీగ మీద ఇప్పటికీ మైకా టేపే చుడతారు. ఈ ఊరిని తాకే పెద్ద పనులు రెండున్నాయి. ఒకటి విజయవాడ–గూడూరు మూడో రైల్వే లైను, సుమారు 288 కిలోమీటర్లు. దాని పొడవునా రిలే గదులు, లొకేషన్ బాక్సులు. రెండోది చెన్నై–బెంగళూరు కారిడార్‌లో 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతం, 2,500 ఎకరాల పైచిలుకు. అక్కడ సబ్‌స్టేషన్లు, పంపుహౌసులు, నీటిశుద్ధి ప్లాంట్లు లేస్తాయి. ఒక్కోదానిలో ఎన్ని ప్యానెళ్లో, ఒక్కో ప్యానెల్లో ఎన్ని తీగలో!

ఇలాంటి పనుల టెండర్లలో రాయాల్సింది ఎక్కువేమీ లేదు. ప్రతి తీగకూ రెండు కొసలా ముద్రించిన స్లీవు ఉండాలి. సర్క్యూటు మారితే స్లీవూ డ్రాయింగూ ఒకే రోజు మారాలి, సంతకంతో. కేబుళ్లకూ కోర్లకూ పేర్లు ఎలా పెట్టాలో ఐఈసీ 62491 ప్రమాణం ఎప్పుడో చెప్పింది, కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ చదివే పిల్లలకు రింగులు గుచ్చడం నేర్పుతున్న చోట ఒక ట్యూబ్ ప్రింటరు పెట్టి, డ్రాయింగు చూసి జాబితా తయారుచేయడం నేర్పాలి. శ్రీసిటీ పారిశ్రామికవాడ గేటు దాటి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు అక్కరకొచ్చేది అదే.

టెండరు దశలోనే ఎందుకంటే, గొట్టంలాంటి స్లీవును తీగ కొస నుంచే ఎక్కించాలి. టెర్మినల్లో స్క్రూ బిగించాక గుర్తుకొస్తే తీగను ఊడదీయాలి, లగ్గు కోసేయాలి, మళ్లీ నొక్కాలి. అప్పటికి లైను మీద రైళ్లు నడుస్తూ ఉంటాయి.