పసివారి సంశయము

పెద్దలు తమ విశ్వాసమును బిడ్డలకు నేర్పుట తప్పని మేమెన్నడును అనలేదు. తల్లి ప్రార్థించుచుండగా ప్రక్కన కూర్చుండి చేతులు జోడించు బిడ్డను చూచి కోపగించునంతటి కఠినులము కాము. కాని ఆ బిడ్డను వేదిక యెక్కించి, వెక్కివెక్కి యేడ్పించి, ఆ యేడుపునే దైవసాక్షాత్కారమని లోకమునకు చూపి, పిదప రాజధాని వీథులలో నిలువబెట్టినచో, దానిని మతబోధ యని పిలుచుటకు మాకు నోరాడదు. అమెరికాలో హైడీ యూయింగ్, రేచెల్ గ్రేడీ యను నిద్దఱు స్త్రీలు తీసి 2006 సంవత్సరమున విడుదల చేసిన 'జీసస్ క్యాంప్' అను డాక్యుమెంటరీ చిత్రమును చూచి మేమీ మాట లనవలసి వచ్చినది.

ఆ చిత్రమున వ్యాఖ్యాత లేడు. నడుమనడుమ ఒక రేడియో ప్రసంగకుడు, తానును మెథడిస్టు క్రైస్తవుడే, ఈ పద్ధతిని ఖండించుచుండును, అంతే. శిబిరమును నడపిన బెకీ ఫిషర్ అను బోధకురాలు సయితము తన్ను చిత్రించిన తీరు న్యాయముగనే యున్నదని యొప్పుకొనెను. కావున మేము శత్రువులు వ్రాసిన నిందాపత్రమును నమ్మి యాక్షేపించుట లేదు. ఆ పెద్దలు దాపరికము లేక, సంతోషముతో, కెమెరా ముందు చేసిన పనిని చూచి యాక్షేపించుచున్నాము. నేపథ్యసంగీతము మాత్రము అక్కడక్కడ ప్రేక్షకుని భయపెట్టునట్లున్నది. అది లేకున్నను మా యభిప్రాయము మాఱదు.

నార్త్ డకోటా రాష్ట్రమున డెవిల్స్ లేక్ అను నూరు కలదు. దయ్యపు చెఱువని దాని యర్థము; పేరు మేము పెట్టినది కాదు. అచ్చట జరిగిన వేసవి శిబిరమే ఈ చిత్రమునకు మూలము. ఫిషర్ పెంతెకోస్తు శాఖకు చెందినది. పరిశుద్ధాత్మ మనుష్యునిపై దిగివచ్చి తెలియని భాషలు పలికించునని ఆ శాఖవారి నమ్మకము. శిబిరము మొదలగుటకు ముందు ఆమె ఖాళీగా నున్న మందిరమున తిరుగుచు, విద్యుచ్ఛక్తి ఆగకుండవలెననియు, కంప్యూటరు మొదలగు యంత్రములు చెడకుండవలెననియు ప్రార్థించును. నవ్వువారు నవ్వవచ్చును. ఆయుధపూజనాడు మోటారుబండికి కుంకుమబొట్టు పెట్టు దేశమువారము గనుక మాకు నవ్వు రాలేదు. ఆమె కపటి కాదు. పిల్లలయందు ఆమెకు ప్రేమ గలదు. తాను చెప్పునది తాను నమ్మును. కపటులను ఖండించుట సులభము. ఇట్టివారితోడనే చిక్కు.

తన యుద్దేశమును కూడ ఆమె దాచలేదు. ముస్లిము దేశములలో బాలురకు చిన్ననాటనుండి తుపాకి పట్టుటయు, మతమునకై ప్రాణమిచ్చుటయు నేర్పుచున్నారనియు, అంతటి దీక్ష తమ బిడ్డలకును క్రీస్తునందు కలుగవలెననియు ఆమె చెప్పును. ఆమె తుపాకు లిచ్చుట లేదు, నిజమే. కాని ఒకచోట బిడ్డలకు కీడు జరుగుచున్నదని చెప్పి, ఆ కీడునుండియే ఉత్సాహము తెచ్చుకొనుట యెట్టి వివేకము? పొరుగువాడు తన బిడ్డను నూతిలో త్రోసెనని విని మన బిడ్డను మనమును త్రోయుదుమా? క్రైస్తవము నెఱుగని పిల్లలను ఆటస్థలమున కలిసికొన్నను, స్వల్పకాలములోనే వారికి దేవుని వాక్కు వినబడునట్లు చేయవచ్చునని ఆమె చెప్పును. వారి మనసులు తెఱచియుండుటచే వారు మతమునకు మిక్కిలి పనికివత్తురట. పనికివచ్చుట! ఈ యొక్క మాటలో శిబిరపు తత్త్వమంతయు నిమిడియున్నది. బిడ్డ మనసు తెఱచియుండుట నిజము. తెఱచియున్న యింటిలో దొంగయు జొరబడును, అతిథియు ప్రవేశించును. తలుపు తెఱచియుండుట లోపలికి వచ్చినవాని యోగ్యతకు సాక్ష్యము కాదు.

శిబిరములోని యొక సభను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మాంత్రికులు దేవునికి శత్రువులనియు, పాతనిబంధన కాలమున నైనచో హ్యారీ పోటరును చంపియుందురనియు ఫిషర్ బోధించును. భోజనపు బల్లకడ ఒక పిల్లవాడు, తల్లి చూడనీయకున్నను తండ్రి యింట ఆ చిత్రములను చూచితినని తోడివారితో చెప్పుకొనును. తండ్రి యిల్లొకటి యుండుట ఆ బిడ్డ యదృష్టము. ఆ వెనుక మందిరమున ఆమె పిల్లలను గద్దించెను. కొందఱు ఇచ్చట నొకరీతిగను బడిలో స్నేహితులతో నింకొకరీతిగను ఉన్నారనియు, దేవుని సైన్యమున కపటులకు చోటు లేదనియు చెప్పి, నీటిసీసాను చేతబట్టి, కడిగికొనగోరువారు ముందునకు రండని పిలిచెను. పిల్లలు వచ్చి చేతులు పట్టిరి. పసివారు వెక్కిళ్లు పెట్టుచు, ముఖములు కందిపోయి, నేలపై కూలబడుట మేము చూచితిమి. వారు చేసిన పాపమేమి? మందిరమున మంచిమాట లాడి, బడిలో తోడిపిల్లలతో నొక చెడ్డమాట పలికియుందురు. ఆ మాత్రపు ద్వైవిధ్యము లేని పెద్దవా డొక్కడైన ఆ మందిరమున నుండెనా?

అప్పుడు ఒక బాలుడు మైక్రోఫోను పట్టుకొని కన్నీటితో ఒక మాట చెప్పెను. దేవుడు కనబడడు గనుక నమ్ముట తనకు కష్టముగా నున్నదని యాతడు పలికెను. చదువరులారా, ఈ మాట నొకమాఱు తలపోయుడు. తత్త్వశాస్త్రమున కిది మొదటి మెట్టు. మన దేశమున ఎందఱు ఋషులు, ఎందఱు నాస్తికులు ఈ ప్రశ్నతో జీవితములు గడపిరి! ఒక పసివాడు ఎవరి సహాయమును లేక, తన బుద్ధితోనే, ఆ మెట్టుకడకు చేరెను. అట్టివానిని ఏ యుపాధ్యాయుడైనను దగ్గఱకు తీసికొని, 'నీవు మంచి ప్రశ్న వేసితివి, కూర్చుండుము' అని యుండవలెను. కాని ఆ బాలుడు దానిని ప్రశ్నగా నడుగలేదు, పాపముగా నొప్పుకొనెను. అబద్ధమాడినవాడు ఎట్లు సిగ్గుపడునో ఇతడు నిజమాడి యట్లు సిగ్గుపడెను. చిత్రమంతటిలో మా హృదయమును కలచినది ఈ క్షణమే. ఏడ్చు పిల్లలను చూచి జాలిపడితిమి. ఈ బాలుని చూచి మాత్రము మాకు కోపము వచ్చినది.

ఇట్టి సిగ్గు ఎంత లోతునకు దిగునో చూపు దృశ్య మింకొకటి కలదు. పదేండ్ల పిల్ల యొకతె తన గదిలో క్రైస్తవ సంగీతమునకు నృత్యము చేయుచుండును. దేవునికొఱకు గాక శరీరసుఖముకొఱకు ఆడకుండునట్లు తాను జాగ్రత్తపడవలెనని ఆమెయే చెప్పును. పదేండ్ల పిల్ల గంతులు వేయుచు తన గంతులను తానే శంకించుట! తనపై తానే కావలివానిని నియమించుకొన్న బిడ్డకు వేఱు కాపలా యక్కఱలేదు.

శిబిరమున జరిగినది ప్రార్థన మాత్రమే యైనచో మేమింత దూరము వ్రాయకపోదుము. అప్పటి దేశాధ్యక్షుడు జార్జి బుష్ యొక్క నిలువెత్తు అట్టబొమ్మను తెచ్చి నిలిపి, పిల్లలచే దానివైపు చేతులు చాపించి దీవింపజేసిరి. గర్భస్రావమును ఖండించు బోధకు డొకడు ప్రసంగించెను. గర్భస్థ శిశువుల చిన్న ప్లాస్టిక్ బొమ్మలను పిల్లల యరచేతులలో నుంచిరి. పిమ్మట 'జీవము' అని వ్రాసిన ఎఱ్ఱని పట్టీలను నోళ్లకు అంటించుకొని పిల్లలు వాషింగ్టను నగరమున సుప్రీముకోర్టు ముందు నిలిచిరి. అప్పుడా న్యాయస్థానమున నొక స్థానము ఖాళీ యగుచుండెను. దానికి నియమింపబడిన శామ్యూల్ అలిటో 2006 జనవరిలో ప్రవేశించెను. గర్భస్రావపు హక్కును గుర్తించిన 1973 నాటి తీర్పును కొట్టివేయుచు 2022లో తీర్పు వ్రాసినవాడు ఆయనయే. ఆ తీర్పును గూర్చి చదువరులలో భిన్నాభిప్రాయము లుండవచ్చును; మా వాదము దానిపై నాధారపడలేదు. ఓటున్న పెద్దవాడు వీథిలో నిలిచి కేక వేయవచ్చును, రేపు మనసు మార్చుకొని వేఱొక కేకయు వేయవచ్చును. పదేండ్ల బిడ్డకు గర్భమన నేమో పూర్తిగా తెలియకమున్నే దాని చట్టమును గూర్చి దీక్ష యిప్పించినవారు, ఆ బిడ్డ పెరిగి వేఱుగా తలచుటకు ఏ దారి నుంచిరి? నోటికి పట్టీ వేసికొని నిలిచిన బిడ్డకంటె మా మాటకు వేఱు సాక్ష్యము అక్కఱలేదు. అందఱికిని సమానస్వేచ్ఛ నీయవలసి యుండుటచే ప్రజాప్రభుత్వము తన్ను తానే చెఱుపుకొనునని ఫిషర్ రేడియో ప్రసంగకునితో వాదించుటయు చిత్రమున గలదు. స్వేచ్ఛనుగూర్చి ఆమె యభిప్రాయ మది.

ఆ శిబిరపు పిల్లలలో నొకడు బాలబోధకుడు. అతడు కొలరాడో స్ప్రింగ్స్ నగరమునకు పోయి, ఆనాడు ఆ దేశపు ఎవాంజెలికల్ సంఘముల జాతీయసమితికి అధ్యక్షుడుగా నుండిన టెడ్ హ్యాగర్డును కలిసికొనెను. ఆ మహనీయుడు చెప్పిన హిత మేమనగా, ముప్పది యేండ్లు వచ్చువఱకు పసితనపు ముద్దును వాడుకొనవలెననియు, అప్పటికి చెప్పదగిన సరకు చేరుననియు! నవ్వుచు చెప్పిన మాటయే కావచ్చును. చిత్రము విడుదలయైన కొద్ది వారములకే, 2006 నవంబరులో, తాను బోధించిన నీతికి విరుద్ధమైన ప్రవర్తన బయటపడి ఆయన పదవులనుండి తొలగెను. ఆయన పతనమును చూచి మేము సంతోషించుట లేదు. ఆ హితవచనము మాత్రము మఱపునకు రాదు.

ముద్దును వాడుకొన్న కథకు ముగింపెట్లుండునో ఆ దేశమువారికి తెలియనిది కాదు. 1944లో జన్మించిన మార్జో గోర్ట్నరు అనువానికి మరియ, యోసేపుల పేర్లను కలిపి ఆ పేరు పెట్టిరి. నాలుగేండ్లకే వానిని బోధకునిగా అభిషేకించి, పెండ్లి జరిపించి, ఊరూర ప్రసంగింపజేసిరి. ఆ ప్రసంగములన్నియు తల్లిదండ్రులు బట్టీ పట్టించినవి. పెద్దవాడైన పిదప, తనకు విశ్వాసము లేదనియు, సభలలో జనులను ఎట్లు కదలించి చందాలు రాబట్టుదురో ఇదియనియు అతడే కెమెరా ముందు విప్పి చూపెను. అతని పేరిట 1972లో వచ్చిన ఆ చిత్రమునకు ఆస్కారు బహుమానము లభించెను. బాల్యము మాత్రము అతనికి మరల లభింపలేదు.

'అన్ని మతములవారును బిడ్డలకు తమతమ నమ్మకములనే నూఱిపోయుదురు; మమ్ము మాత్రమే యేల నిందింతురు?' అని కొందఱందురు. ఇది బలమైన యాక్షేపణ. దీనికి మా సమాధాన మిది: నేర్పుట వేఱు, తిరిగిపోవు దారిని మూయుట వేఱు. ఆ చిత్రములో నొక తల్లి కుమారునికి ఇంటనే చదువు చెప్పుచు, సృష్టివాదమును శాస్త్రముగా బోధించుచుండును. ఇంటిచదువు ఆ దేశమున చట్టసమ్మతమే. ఇంట ఆ మాటయే, మందిరమున ఆ మాటయే, వేసవి సెలవులలో ఆ మాటయే యైనచో, ఇంకొక మాట గలదని ఆ బిడ్డకు చెప్పువారెవరు? తల్లిదండ్రుల హక్కునకు హద్దు గలదని ఆ దేశపు న్యాయస్థానమే 1944లో చెప్పెను. తొమ్మిదేండ్ల బాలికచే వీథిలో మతపత్రికలను పంచిపెట్టించిన సంరక్షకురాలి కేసులో, పెద్దలు తాము మతమునకై బలి కాగోరినచో కావచ్చును గాని, బిడ్డలను బలి చేయు స్వేచ్ఛ వారికి లేదని తీర్పరులు తేల్చిరి. 1972లో ఆమిష్ శాఖవారు ఎనిమిదవ తరగతితో బిడ్డల చదువు మాన్పించుటకు అనుమతి పొందినప్పుడు, జస్టిస్ డగ్లస్ ఒక్కడే, ఆ పిల్లల కోరిక యేమో వారినే అడుగవలదా యని భిన్నాభిప్రాయము వ్రాసెను. బిడ్డకు ఆలోచనా స్వాతంత్ర్యము, అంతఃకరణ స్వాతంత్ర్యము గలవని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 14వ అధికరణము చెప్పుచున్నది. అమెరికా దానిపై 1995లో సంతకము చేసెను, నేటికిని ధ్రువపఱుపలేదు.

మన తెలుగునాట ఈ చిత్రమును చూచి, క్రైస్తవులను దెప్పిపొడుచుటకు ఆయుధము దొరకెనని సంతోషించువారు కొందఱుందురు. వారికి మా పత్రికలో చోటు లేదు. అమెరికానుండి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కఱవు రోజులలో కూలీలతో బకింగుహాము కాలువపని చేయించి, 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున 2,222 మందికి ఒక్కనాడే బాప్తిస్మ మిప్పించిన సంగతి ప్రసిద్ధము. అందఱు కలిసి ఒక్కనాడు మతము మాఱుటను గూర్చి ఎవరేమి తలచినను, ఆ మిషను పెట్టిన బడులలో మాదిగబిడ్డ చేతికి పలక వచ్చినది. మన యగ్రహారముల బడులలో రాలేదు. పలక పట్టినవాడు రేపు ఆ మిషనరీనే ప్రశ్నింపగలడు. డెవిల్స్ లేకులో పిల్లలచేత పట్టించినది పలక కాదు. మా యాక్షేపణ మతముపై కాదు గనుక మన యిండ్లను కూడ విడువదు. నిలువలేని బిడ్డకు కాషాయము చుట్టి బాలస్వామి యని పల్లకి యెక్కించువారును, మాటలు రాని బిడ్డచే పరమతద్వేషపు నినాదములు పలికించి ముద్దులాడువారును ఆ చిత్రమునకు టిక్కెట్టు కొనకుండుటయే మేలు. వారికి అందులో క్రొత్త యేమియు లేదు.

చిత్రముపై రేగిన అలజడిచే 2006 నవంబరులోనే ఫిషర్ ఆ శిబిరమును నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. పిల్లలకు బోధించుట మాత్రము ఆమె మానలేదు. ఆనాడు మైక్రోఫోను పట్టి యేడ్చిన బాలునికి నేడు ముప్పదియేండ్ల ప్రాయముండును. అతని పేరు మేమిచ్చట వ్రాయలేదు. ఆ సభలో అతనిచే బలవంతముగా చెప్పించినది చాలును. దేవుడు కనబడడు, నమ్ముట కష్టముగా నున్నది అని యాతడన్న మాటకు ఎవరైన దగ్గఱ కూర్చుండి బదులు చెప్పిరో లేదో చిత్రమున లేదు. కెమెరా వేఱొక బిడ్డ కన్నీటివైపు తిరిగిపోయెను.